తర్మీమ్ చిన్నదే, దస్తఖత్ ఎవరిది?

మా దాదా ఇనుప సందూఖ్ తెలకపల్లి ఇంట్లో ఇప్పటికీ ఉంది. మొన్న ఊరికి పోయినప్పుడు అబ్బా దాన్ని తెరిపించాడు. పైన శిస్తు రసీదులు, పాత పాస్‌బుక్కులు. అడుగున ఖస్రా పహాణీ నకలు. 1954-55 నాటిది, ఫస్లీ లెక్కలో 1364. అంతా ఉర్దూలోనే. అబ్బా గడగడా చదువుతాడు. నేను కూడబలుక్కుంటాను.

ఆ నకలులో ఒక సర్వే నంబర్ ఎదురుగా విస్తీర్ణం అంకె కొట్టేసి ఉంది. పక్కన కొత్త అంకె, దాని కింద ఒక పొట్టి దస్తఖత్. కొట్టేసిన అంకెను ఇప్పటికీ చదవొచ్చు. నా చిన్నప్పుడు దాదా ఆ గీత మీద వేలు పెట్టి అన్న మాట యాదికుంది: "చాకుతో గీకి దిద్దిన కాగజ్‌ను నమ్మొద్దు బేటా. కొట్టేసి, పక్కన దస్తఖత్ పెట్టిన కాగజ్‌ను నమ్ము."

చాలా ఏళ్ల తర్వాత దాదాపు అదే మాట నాకు జర్మనీలో ఉండే ఒకాయన చెప్పాడు. ఆయన ముఖం నేనెన్నడూ చూడలేదు. మా మధ్య ఉన్నది భూమి కాదు, ఒక వైఫై రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ అనీ, చరిత్ర అనీ రెండర్థాలు. ఒక చిన్న దిద్దుబాటుకు తేదీ వేసి, పేరు రాసి, ఇంకొకరి కళ్ల ముందు పెట్టే దస్తూర్ ఎట్లా పుట్టిందో, అది తప్పితే ఏమవుతుందో, ఆ తారీఖే ఇది.

రౌటర్ కిస్సా

2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి ఊరికి వచ్చేశాను. పనంతా ఇంటి నుంచే. గల్లీలోని పిల్లల ఆన్‌లైన్ క్లాసులు కూడా మా ఇంటి వైఫై మీదే. వసారాలో చాప పరిచి ఐదారుగురు కూర్చునేవారు. రౌటర్ పాతది. కంపెనీ దానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వడం ఎప్పుడో మానేసింది. అందుకని ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ ఎక్కించాలని షురూ చేశాను.

ఫర్మ్‌వేర్ అంటే యంత్రం కళ్లు తెరవగానే నడిచే మొదటి సాఫ్ట్‌వేర్. ఏ తీగకు ఏ దీపం తగిలించి ఉంది, ఏ మీట నొక్కితే ఏం చేయాలి, జ్ఞాపకంలో ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఇదంతా దానికే తెలియాలి. మామూలు యాప్‌లో గల్తీ ఉంటే యాప్ ఆగిపోతుంది, మళ్లీ తెరుస్తాం. ఫర్మ్‌వేర్‌లో గల్తీ ఉంటే డబ్బా లేవనే లేవదు. ఈ పని చేసేవాళ్లు దాన్ని 'బ్రిక్' అంటారు, అంటే ఇటుక. నిన్నటిదాకా రౌటర్, ఇయ్యాల గోడలో పెట్టే ఇటుక.

నా మోడల్‌కు దగ్గరి మోడల్ ఫైలు తీసుకుని నాలుగైదు పంక్తులు మార్చాను. రీసెట్ మీట నంబర్ సరిచేశాను. జ్ఞాపకం భాగాల హద్దులు సవరించాను. అక్కడ ఒక భాగానికి 'చదవడానికి మాత్రమే' అనే గుర్తు ఉండాలి. రేడియో సరిగ్గా పలకడానికి కార్ఖానాలో ఒక్కొక్క డబ్బాకు విడిగా కొలిచి రాసిన అంకెలు అందులో ఉంటాయి. ఆ గుర్తును నేను వదిలేశాను. ఇంకో హద్దులో ఒక సున్నా తక్కువ పడింది. ఎక్కించాను, డబ్బా చచ్చింది. మూతి విప్పి సీరియల్ తీగ తగిలించి దాన్ని లేపేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ వసారాలో చాప ఖాళీ. అమ్మీ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ కుచ్చుకుంది.

డబ్బా లేచినాక సరిచేసిన మార్పును ఆ ప్రాజెక్టుకు పంపాను. నా అదృష్టం కొద్దీ దాన్ని ఒకరు చదివారు. ఆయనే జర్మనీ ఆయన. నాలుగు సవాళ్లు వేశాడు. మీటనూ హద్దులనూ ఒకే మార్పులో ఎందుకు కలిపావు? చదవడానికి మాత్రమే అనే గుర్తు ఏది? ఈ హద్దు నీకెట్లా తెలిసింది, కొలిచావా, ఊహించావా? కింద నీ పేరు ఏది? చివర ఒక వాక్యం. తెలుగులో చెబితే ఇట్లా: నువ్వు ఏం మార్చావో ఫైలు చెబుతుంది, ఎందుకు మార్చావో నువ్వే రాయాలి, పదేళ్ల తర్వాత చూసేవాడికి అదే కావాలి.

గుర్తును నేను మళ్లీ మరిచానని ఆయన సవాలుతోనే తెలిసింది. ఆయన చూడకుంటే ఆ గల్తీ నా ఇంట్లోనే ఆగేది కాదు. ఆ మోడల్ ఉన్న ప్రతి ఇంటికీ పోయేది. మూడోసారి పంపినప్పుడు నా మార్పు రెండు ముక్కలై, రెండు వివరణలతో అసలు దాంట్లో షామిల్ అయింది. మొత్తం ఏడు పంక్తులు. పట్టిన కాలం పదకొండు రోజులు. ఆయనకు దాని మీద ఒక్క పైసా రాలేదు.

ఖత్‌లో ఇస్లాహ్

దూరాన ఉన్నవాడి రాతను దిద్దే రివాజు మన హైదరాబాద్‌కు కొత్త కాదు. దాగ్ దెహ్లవీ 1888లో హైదరాబాద్ వచ్చాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు కవిత్వంలో ఉస్తాద్ అయ్యాడు. 1905లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన దగ్గరికి హిందుస్తాన్ నలుమూలల నుంచి గజళ్లు డాక్‌లో వచ్చేవి. శాగిర్ద్ మసౌదా పంపుతాడు. ఉస్తాద్ ఒక మాట కొట్టేసి పక్కన ఇంకో మాట రాసి తిప్పి పంపుతాడు. దాన్ని ఇస్లాహ్ అంటారు. అప్పటికింకా కుర్రవాడైన ఇక్బాల్ కూడా పంజాబ్ నుంచి దాగ్‌కు ఇట్లాగే గజళ్లు పంపేవాడు. నీ కలామ్‌లో దిద్దాల్సింది ఇక పెద్దగా లేదని దాగ్ కొద్దికాలానికే రాశాడని చెబుతారు.

ఇస్లాహ్‌లో నాకు నచ్చేది కొట్టేసిన మాట కాగజ్ మీద మిగలడం. ఉస్తాద్ గజల్ మొత్తం తిరగరాసి పంపితే శాగిర్ద్‌కు అచ్చు వేసుకునే గజల్ దొరుకుతుంది గానీ ఇల్మ్ దొరకదు. పాత మాట, కొత్త మాట రెండూ పక్కపక్కన కనబడితేనే తన గల్తీ ఎక్కడుందో తెలుస్తుంది.

కంప్యూటర్ లోకంలో సరిగ్గా ఈ పని చేసే పనిముట్టు 1974లో వచ్చింది. బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ యూనిక్స్ కోసం 'డిఫ్' రాశాడు. రెండు ఫైళ్లు ఇస్తే ఏ పంక్తి పోయింది, ఏ పంక్తి వచ్చింది అని మాత్రమే చూపిస్తుంది. 1985లో లారీ వాల్ 'ప్యాచ్' రాశాడు. డిఫ్ చూపిన తేడాను తీసుకుని అవతలివాడి ఫైలు మీద అది దిద్దుతుంది. ఇక మొత్తం కితాబు పంపే జరూరత్ లేదు. తర్మీమ్ ఒక్కటే ఖత్‌లో పంపితే చాలు. దాగ్ డాక్ మళ్లీ మొదలైనట్టే. తేడా ఒకటి. ఇక్కడ ఖత్ అందరి ముందూ తెరుస్తారు, ఇస్లాహ్ అందరూ చదువుతారు.

కింద పేరు ఎందుకు

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్ మొదలుపెట్టినప్పుడు తర్మీమ్‌లు ఈమెయిళ్లలో వచ్చేవి. ఆయన చదివి, నచ్చితే కలిపేవాడు. ఎవరు ఏ పంక్తి తెచ్చారో గట్టి హిసాబ్ లేదు. 2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ ఐబీఎం మీద దావా వేసింది. తమ యూనిక్స్ సొత్తును లైనక్స్‌లో కలిపారన్నది ఇల్జామ్. ఈ పంక్తి ఎక్కడిది, ఎవరిచ్చారు అని అడిగితే చూపించడానికి పాత ఖత్‌లన్నీ తవ్వాల్సి వచ్చింది. దాంతో 2004లో ఒక దస్తూర్ పెట్టారు. ప్రతి తర్మీమ్ కింద రాసినవాడి పేరు ఉండాలి. దీన్ని ఇచ్చే హక్ నాకుంది అని దాని మతలబ్. తర్వాత ఎవరెవరి చేతుల మీదుగా పోతే వాళ్లూ తమ పేరు కింద చేరుస్తారు.

2005 ఏప్రిల్‌లో టోర్వాల్డ్స్ 'గిట్' రాశాడు. ప్రతి మార్పునూ తేదీతో, పేరుతో, వజహ్‌తో దాస్తుంది. ప్రతి మార్పు ముద్రలో దాని ముందటి మార్పు ముద్ర కూడా కలిసి ఉంటుంది. మధ్యలో ఒక పాత పంక్తిని చాటుగా మారిస్తే ఆ తర్వాతి ముద్రలన్నీ మారిపోయి పట్టుబడుతుంది. చాకుతో గీకే వీలు లేని పహాణీ అన్నమాట. ఏ పంక్తి ఎవరు రాశారో చూపించే ఆదేశం కూడా అందులో ఉంది. దాని పేరు 'బ్లేమ్', అంటే ఇల్జామ్! పేరు వెటకారంగా పెట్టినా నేను దాన్ని వాడేది ఒకరిని తప్పుపట్టడానికి కాదు. ఈ వింత పంక్తి ఇక్కడ ఎందుకుందో రాసినవాడి వివరణ చదవడానికి. నా ఏడు పంక్తుల మీద కూడా నా పేరుంది. ఎప్పుడైనా చూసుకుంటే కొంచెం ఖుషీ, కొంచెం డర్.

ఫర్మ్‌వేర్‌లోకి ఈ దస్తూర్ రెండు తోవల్లో వచ్చింది. మొదటిది అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల. అక్కడ రాన్ మినిచ్ 1999లో 'లైనక్స్‌బయోస్' మొదలుపెట్టాడు. వందల కంప్యూటర్లను జోడించి నడిపేచోట, కీబోర్డు లేదని ఒక్కొక్కటీ మొదట్లోనే ఆగిపోయి మనిషి కోసం చూస్తుంటే ఎట్లా? కంపెనీల బయోస్ మూసిన డబ్బా, దిద్దడానికి లేదు. అందుకే తెరిచిన దాన్ని రాసుకున్నారు. 2008లో దాని పేరు 'కోర్‌బూట్' అయింది. ఇప్పుడు క్రోమ్‌బుక్‌లు దాని మీదే లేస్తాయి.

రెండోది రౌటర్ తోవ. లింక్‌సిస్ కంపెనీ 2002 చివర్లో డబ్ల్యుఆర్‌టీ54జీ అనే రౌటర్ అమ్మకానికి తెచ్చింది. దాని లోపల లైనక్స్ ఉందని వాడేవాళ్లు కనిపెట్టారు. లైనక్స్ లైసెన్స్ షరతు ప్రకారం, దాన్ని వాడి అమ్మితే మూలం కూడా ఇవ్వాలి. అందరూ నిలదీస్తే 2003లో కంపెనీ మూలం బయటపెట్టింది. దాని మీద 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ పుట్టింది. ఇయ్యాల అది వందల రకాల రౌటర్ల మీద నడుస్తుంది. తెలకపల్లిలో మా వసారా గోడ మీది డబ్బాతో సహా.

అందరూ మంచోళ్లే, అయినా

ఫర్మ్‌వేర్‌లో జాంచ్ మరీ ముష్కిల్. చూసేవాడి దగ్గర ఆ డబ్బా ఉండదు. నా రౌటర్ జర్మనీ ఆయన దగ్గర లేదు. అందుకే ఆయన అంకెను నమ్మలేదు, అంకె నాకెట్లా తెలిసిందో అడిగాడు. కోర్‌బూట్‌లో ఒక మార్పు వస్తే ముందు యంత్రం దాన్ని అన్ని బోర్డులకూ కట్టి చూస్తుంది. తర్వాత రాసినవాడు కాక ఇంకొకరు చదివి ఒప్పుకోవాలి. మరీ అల్పమైనవి తప్ప ఏ మార్పునైనా కనీసం 24 గంటలు అట్లాగే ఉంచాలని వాళ్ల మర్యాద. లోకంలో ఒకచోట పగలైతే ఇంకోచోట రాత్రి. అందరికీ ఒకసారి తెల్లారాలి, చూసే మౌకా అందరికీ దొరకాలి.

రెండు పంక్తులకు ఇంత తతంగమా అని మొదట్లో నాకూ కోపమొచ్చింది. అప్పుడు ఒక పాత వాకయా చదివాను. 2006లో డెబియన్ అనే లైనక్స్ పంపిణీలో, రహస్య తాళాలు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో రెండు పంక్తులు పక్కన పెట్టేశారు. తనిఖీ పనిముట్టు వాటిని చూసి హెచ్చరికలు ఇస్తోందని. మార్చినాయన నీయత్ మంచిదే. ముందు అసలు రచయితలను అడిగాడు కూడా. వచ్చిన జవాబుల్లో అడ్డు చెప్పిన మాట ఏదీ ఆయనకు కనబడలేదు. కానీ మార్పు అసలు కితాబులోకి జాంచ్ కోసం పోలేదు, డెబియన్ నకలులోనే ఉండిపోయింది. ఆ పంక్తులు పోవడంతో తాళాలకు ఊహకందని అంకెలు కలిపే పని ఆగిపోయింది. ఒక్కో రకం తాళానికి దాదాపు 32 వేల అవకాశాలే మిగిలాయి. ఎవరైనా అన్నీ ముందే లెక్కవేసి పెట్టుకోవచ్చు. 2008 మే నెలలో బయటపడేదాకా లోకంలో ఎన్నో సర్వర్లకు గొళ్లెం పెట్టినట్టే ఉంది, తాళం మాత్రం లేదు.

ఇంకో వాకయా నీయత్ చెడ్డది. ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఫైళ్లను కుదించే పని చేస్తుంది. దాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్కడే, జీతం లేకుండా చూసుకుంటున్నాడు. అలసిపోయాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు చిన్న చిన్న మంచి తర్మీమ్‌లు పంపుతూ రెండేళ్లకు పైగా భరోసా సంపాదించారు. ఇంకొన్ని కొత్త పేర్లు వచ్చి, పని నెమ్మదిగా సాగుతోంది, ఇంకొకరికి అప్పజెప్పు అని ఆ అలసిన మనిషిని వేధించాయి. చివరికి కలిపే అధికారం జియా టాన్ చేతికి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో దొంగదారి చేరింది. మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, లాగిన్‌కు అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని తవ్వితే దొరికింది.

అందులో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. దొంగదారిని మేల్కొలిపే ముఖ్యమైన ముక్క అందరికీ కనబడే అసలు దఫ్తర్‌లో లేదు. అందరికీ పంచిన నకలులో మాత్రమే ఉంది. ఇది చదివిన రాత్రి మా దాదా సందూఖ్ కళ్ల ముందు నిలబడింది.

పట్వారీ కలం

మన రియాసత్‌లో భూమి రాత కూడా ఇట్లాంటి తర్మీమ్‌ల దఫ్తరే. బందోబస్తు నాటి సేత్వార్ పునాది. పొలం చేతులు మారితే, తండ్రి పోయి కొడుకు పేరు ఎక్కాలంటే, పట్వారీ రాసేవాడు, గిర్దావర్ చూసేవాడు, తహసీల్దార్ జమాబందీలో మంజూరు చేసేవాడు. మంజూరైన మార్పులు ఏటేటా ఫైసల్ పట్టీలోకి ఎక్కేవి. పహాణీలో ఒక పేరు కొత్తగా కనబడితే, ఏ ఫైసల్ పట్టీ ప్రకారం అని అడిగే హక్ ఉండేది. కాగజ్ మీద చూస్తే గిట్‌కు ఏమాత్రం తీసిపోని ఇంతెజామ్.

మరి పట్వారీ పేరు చెబితే తెలంగాణ పల్లె ఎందుకు వణికేది? దఫ్తర్ ఆయన ఇంట్లో ఉండేది. కొలువు ఖాందానీది, తండ్రి తర్వాత కొడుకుది. రాత ఉర్దూలోనో గొలుసుకట్టు తెలుగులోనో. దున్నేవాడికి చదువు రాదు. రాసేది ఆయనే, చదివి వినిపించేది ఆయనే. పైన చూసేవాడు ఏడాదికోసారి వచ్చి ఆయన ఇంట్లోనే దస్తర్‌ఖాన్ ముందు కూర్చునేవాడు. మూడు దస్తఖత్‌లు ఉన్నా చూసిన కన్ను ఒక్కటే అయితే అది జాంచ్ కాదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్-పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు ఊళ్లు ఎందుకు ఖుషీ అయ్యాయో ఇందులోనే ఉంది.

తర్వాత మనం అవతలి కొసకు పోయాం. 2020లో తెలంగాణలో వీఆర్వో పోస్టులు రద్దయ్యాయి. అదే అక్టోబర్ 29న ధరణి వచ్చింది. కంప్యూటర్‌లోకి ఎక్కిన రాతలో గల్తీ ఉంటే దిద్దించుకునే దారి ఇరుకైంది. కొత్త చట్టంలో కింది కచేరీ తీర్పు మీద పై కచేరీకి అప్పీల్ దారి లేకపోయింది. ఒక సర్వే నంబర్ తప్పుకు సివిల్ కోర్టు మెట్లెక్కాల్సిన హాలత్. చివరికి 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూ భారతి చట్టంలో అప్పీల్ మళ్లీ పెట్టారు. అది ఎట్లా నడుస్తుందో రైతులే చెబుతారు. నేను పట్టుకున్న ముచ్చట ఒక్కటే. మనిషిని తీసేస్తే బేఈమానీ పోతుందనుకున్నాం. మనిషితోపాటు "ఇది తప్పు, దిద్దండి" అని వినిపించుకునే చెవి కూడా పోయింది.

ఓపెన్ సోర్స్ వాళ్లకూ ఈ ఝగ్డా తప్పలేదు. 2016లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ చీలింది. ఎవరు కలపాలో, కొత్తవాళ్లకు ఆ హక్ ఎట్లా వస్తుందో పారదర్శకంగా లేదని కొందరు పాతకాపులే బయటికి వచ్చి 'లెడే' అని వేరు కుంపటి పెట్టారు. 2018 జనవరిలో మళ్లీ కలిశారు. పేరు పాతదే నిలిచింది, కాయిదాలు చాలావరకు కొత్తవాళ్లవి. మూలం ఎవరి ఇంట్లోనూ తాళం వేసి లేదు. అందుకే విడిపోగలిగారు, కలవనూ గలిగారు. పట్వారీతో పేచీ పడ్డ రైతుకు వేరే పహాణీ రాసుకునే వీలు ఎక్కడిది?

నేను ఇప్పుడు వారానికి ఒక సాయంత్రం ఇతరుల తర్మీమ్‌లు చదువుతున్నాను. చాలావరకు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలవి. నాలుగు పంక్తులు పంపి, కలపలేదేమని రెండో రోజే అడుగుతారు. నా దగ్గర ఆ డబ్బా ఉండదు. కాబట్టి ఆ జర్మనీ ఆయన అడిగిందే అడుగుతాను: కొలిచావా, ఊహించావా? చాలామంది కోపగించి పోతారు. కొందరు కొలిచి వస్తారు. కొలిచి వచ్చిన ఒక అమ్మాయి పోయిన నెలలో నా జాంచ్‌లోనే ఒక గల్తీ పట్టింది. నేను ఒప్పుకున్న హద్దు తప్పని కొలత పెట్టి చూపించింది. షుక్రియా చెప్పి నా ఒప్పుదలను వెనక్కి తీసుకున్నాను. నేను మొదట ఒప్పుకున్నదీ, తర్వాత కాదన్నదీ రెండూ తేదీలతో అక్కడే ఉన్నాయి.

సందూఖ్ మూసే ముందు ఆ నకలును ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. కొట్టేసిన అంకె పక్కనున్న దస్తఖత్ ఎవరిదని అబ్బాను అడిగాను. కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, చాలాసేపు చూశాడు. "పేరు చదవడానికి రావట్లేదు బేటా," అన్నాడు. "కానీ గీకలేదు."